మోటారు మాట: కూత పెరిగిందంటే ఊపిరాడటం లేదన్నమాట

(ఒంగోలులో ముప్పై ఏళ్లుగా మోటారు వైండింగ్ షాపు నడుపుతున్న మెకానిక్ మీ ప్రశ్నలకు జవాబులిస్తారు.)

ప్రశ్న: మాది చీమకుర్తి. చుట్టూ గ్రానైట్ పాలిషింగ్ ఫ్యాక్టరీలు. ఎంత ఊడ్చినా తెల్లారేసరికి గచ్చు మీద రాతిపొడి పేరుకుంటుందని రెండేళ్ల కిందట 1,400 వాట్ల వాక్యూమ్ క్లీనర్ కొన్నాం. ఇప్పుడు ఆన్ చేసిన పది నిమిషాలకు కీచుమని కూత పెరుగుతుంది, కాసేపటికి ఆగిపోతుంది. అరగంట పోతే మళ్లీ తిరుగుతుంది. లోపల చిన్న స్విచ్ ఉందని, అది తీసేసి వైర్లు కలిపేస్తే ఇక ఆగదని ఒక మెకానిక్ అంటున్నాడు. చేయించమంటారా?
– గృహిణి, చీమకుర్తి

జవాబు: వద్దమ్మా. దయచేసి ఆ పని చేయించకండి. ఆ చిన్న స్విచ్ థర్మల్ కటాఫ్. మోటారు వేడి హద్దు దాటితే అదే కరెంటు తెంపుతుంది, చల్లారాక అదే కలుపుతుంది. మీ మెషీన్ అరగంట తర్వాత మళ్లీ తిరుగుతోందంటే ఆ స్విచ్ తన పని సరిగ్గా చేస్తోందని అర్థం. తప్పు వేరేచోట ఉంది.

కూత పెరిగితే మోటారు గట్టిగా లాగుతోందని అందరం అనుకుంటాం. జరిగేది దానికి పూర్తిగా ఉల్టా. మీకు పొలం, బోరు ఉంటే ఇది తేలిగ్గా అర్థమవుతుంది. కనిగిరి, దర్శి వైపు రైతులకు చెప్పనే అక్కర్లేదు. బోరులో నీళ్లు అడుగంటితే స్టార్టర్ డబ్బాలో ఆంప్స్ ముల్లు కిందికి పడుతుంది. ఎత్తిపోయడానికి నీళ్లు లేవు కాబట్టి మోటారుకు పని తగ్గింది. పని తగ్గినా కాలిపోతుంది, ఎందుకంటే దాన్ని చల్లబరిచేదీ ఆ నీళ్లే.

వాక్యూమ్ క్లీనర్‌లో నీళ్ల బదులు గాలి. ఫిల్టరు మూసుకుపోతే ఫ్యాన్ దగ్గరికి గాలి రాదు. తోయడానికి గాలి లేక ఫ్యాన్ మీద బరువు తగ్గి, మోటారు స్పీడు పెరిగిపోతుంది. అదే మీకు వినపడే కూత. మామూలు ఇంటి మెషీన్లలో ఫిల్టరు దాటిన గాలే మోటారు లోపల్నుంచి వెళ్లి అందులోని రాగితీగ చుట్లను, అంటే వైండింగ్‌ను చల్లబరుస్తుంది. ఆ గాలి ఆగిందంటే స్పీడేమో ఎక్కువ, చల్లదనమేమో లేదు. పది నిమిషాలు తట్టుకోవడమే గొప్ప.

షాపు పెట్టిన కొత్తలో ఇదే తప్పు నేను చేశాను. ఒక లాడ్జి వాళ్లు మెషీన్ తెచ్చి, మాటిమాటికీ ఆగుతోంది, ఆగకుండా చేసివ్వమని పట్టుబట్టారు. స్విచ్ తీసి వైర్లు కలిపిచ్చాను. నాలుగో రోజున ఆర్మేచర్ (మోటారులో తిరిగే భాగం) తీగల మీది వార్నిష్ మాడి గదంతా పొగ. పక్కనే దూది పరుపులు. ఊడ్చే పిల్ల వెంటనే ప్లగ్ లాగేసింది కాబట్టి సరిపోయింది. ఆ తీసేసిన స్విచ్ ఇప్పటికీ నా టేబుల్ సొరుగులో ఉంది. కొత్తగా పనికి చేరిన ప్రతి కుర్రాడికీ మొదటిరోజే అది చూపిస్తాను.

మీరు చేయాల్సింది ఇది. ప్లగ్ తీసి, బ్యాగు ఖాళీ చేసి, పైపును వెలుతురుకు ఎదురుగా పెట్టి చూడండి. ఆ చివర కనబడకపోతే అందులో ఏదో ఇరుక్కుంది. తర్వాత ఫిల్టరు. రాతిపొడి ఇంటి దుమ్ములాంటిది కాదు, పిండిలా ఉంటుంది. గుడ్డ సందుల్లో దూరి కూర్చుంటుంది, దులిపినా పోదు. స్పాంజి ఫిల్టరైతే కడిగి ఒక రోజంతా నీడలో ఆరబెట్టండి. తడి ఉండగా మాత్రం పెట్టొద్దు, పొడి దాని మీద సిమెంటులా పట్టేస్తుంది. కాగితం ఫిల్టరైతే కొత్తది వేయండి. చిరిగిన ఫిల్టరుతో ఒక్క రోజు కూడా నడపకండి. లోపలికి పోయిన రాతిపొడి, తిరిగే భాగానికి కరెంటు అందించే కార్బన్ బ్రష్షులనూ, అవి ఒరుసుకునే రాగి కమ్యుటేటర్‌నూ గరుకు కాగితంలా అరగదీస్తుంది. గచ్చు మీది పొడిని ముందు తడిగుడ్డతో ఎత్తేసి, మెషీన్‌ను పరుపులకు, సోఫాలకు, కిటికీ సందులకు ఉంచుకుంటే మీ ఊళ్లో అది ఎక్కువ కాలం వస్తుంది.

ఇదంతా చేశాక కూడా ఆగితే కార్బన్లు, బేరింగులు చూపించండి. కార్బన్ చివర సన్నటి నీలి నిప్పురవ్వలు మామూలే. కమ్యుటేటర్ చుట్టూ రింగులా నిప్పు తిరుగుతుంటే మాత్రం మోటారు విప్పాల్సిందే.

ప్రశ్న: మన కరెంటు 50 హెర్ట్జ్. మా ల్యాబ్‌లో మోటారు 3,000 చుట్లు దాటదు. వాక్యూమ్ క్లీనర్ మోటారు నిమిషానికి 30,000 చుట్లు ఎలా తిరుగుతుంది? స్పీడు కంట్రోల్ ఎలా? ప్రాజెక్టు చేయాలనుకుంటున్నాను.
– ఇంజినీరింగ్ విద్యార్థి, కావలి

జవాబు: మంచి ప్రాజెక్టు ఎంచుకున్నావు తమ్ముడూ. మీ ల్యాబ్‌లోది ఇండక్షన్ మోటారు. దాంట్లో తిరిగే అయస్కాంత క్షేత్రం వెంట రోటారు పరుగెడుతుంది. ఆ క్షేత్రమే సెకనుకు 50 చుట్లు మించి తిరగదు. ఇక్కడ వాడేది యూనివర్సల్ మోటారు, మీ ఇంట్లో మిక్సీలో ఉన్న జాతే. కదలని ఫీల్డ్ కాయిల్, తిరిగే ఆర్మేచర్ ఒకదాని వెంట ఒకటిగా సిరీస్‌లో ఉంటాయి. కరెంటు దిశ మారినప్పుడు రెండింటిలోనూ ఒకేసారి మారుతుంది, రెండు మైనస్‌లు కలిసి ప్లస్ అయినట్టు తిరిగే దిక్కు మారదు. ఏ కాయిల్‌కు ఎప్పుడు కరెంటు ఇవ్వాలో కమ్యుటేటరే చూసుకుంటుంది కాబట్టి 50 హెర్ట్జ్‌తో దాని స్పీడుకు సంబంధం లేదు.

అంత స్పీడు ఎందుకంటావా? ఫ్యాన్ పుట్టించే పీడనం స్పీడు వర్గాన్ని బట్టి పెరుగుతుంది. స్పీడు పదో వంతైతే పీడనం నూరో వంతు. 10 సెంటీమీటర్ల ఫ్యాన్ 30,000 చుట్లతో చేసే పనిని 3,000 చుట్లతో చేయాలంటే మీటరు వెడల్పు ఫ్యాన్ కావాలి. దాన్ని ఇల్లంతా ఎవరు ఈడుస్తారు? లెక్క వేసి చూడు, ఆ చిన్న ఫ్యాన్ అంచు గంటకు 560 కిలోమీటర్ల పైచిలుకు వేగంతో తిరుగుతుంది. అందుకే బ్యాలెన్స్ రవ్వంత తప్పినా బేరింగు పోతుంది.

కంట్రోల్‌కు ట్రయాక్ అనే ఎలక్ట్రానిక్ స్విచ్ వాడతారు. మన కరెంటులో సెకనుకు 100 అర తరంగాలు, ఒక్కొక్కటి 10 మిల్లీసెకన్లు. ప్రతి దాంట్లోనూ ట్రయాక్‌ను ఎంత ఆలస్యంగా తెరిస్తే మోటారుకు అంత తక్కువ అందుతుంది. సర్క్యూట్ చవక, కానీ అది గుడ్డిది. మోటారు ఏ స్థితిలో ఉందో దానికి తెలియదు.

కార్డ్‌లెస్ మెషీన్లలో వచ్చే బ్రష్‌లెస్ డీసీ, అంటే బీఎల్‌డీసీ మోటారుకు ఆ ఎరుక ఉంటుంది. బ్రష్షులు లేవు, తిరిగేది అయస్కాంతం. అది ఎక్కడుందో అయస్కాంతాన్ని పసిగట్టే హాల్ సెన్సరు చెబుతుంది, లేదా కాయిల్‌లో పుట్టే వోల్టేజీని బట్టి కంట్రోలరే కనిపెడుతుంది. దాని ప్రకారం ట్రాన్సిస్టర్లు కరెంటు మారుస్తాయి. అరిగే బ్రష్షులు లేవు కాబట్టి స్పీడు ఇంకా పెంచొచ్చు. 2018లో వచ్చిన డైసన్ వీ10 మోటారు నిమిషానికి 1,25,000 చుట్లు తిరుగుతుంది. నాకు అంతకన్నా నచ్చే సంగతి ఇంకొకటి. కంట్రోలర్‌కు స్పీడూ తెలుసు, కరెంటూ తెలుసు. ఒకటి పెరిగి ఇంకొకటి తగ్గితే దారి మూసుకుపోయిందని అది గ్రహించగలదు, కాలకముందే ఆపగలదు. ముప్పై ఏళ్లుగా నేను చెవితో పట్టేదాన్ని అది లెక్కతో పడుతుంది.

నీ ప్రాజెక్టు అదే చెయ్యి. మామూలు మెషీన్ వైరులోని ఒక్క తీగకే క్లాంప్ మీటరు (తీగ చుట్టూ పట్టి కరెంటు కొలిచేది) తగిలించి, పైపు మూతిని అయిదే సెకన్లు అరచేత్తో మూసి చూడు. మొన్న షాపులో చూస్తే 6 ఆంప్స్‌కు కాస్త తక్కువగా ఉన్నది 5 కిందికి దిగింది. ఆ తేడాను పట్టుకుని ముందు దీపం వెలిగించి, తర్వాత మోటారును ఆపే సర్క్యూట్ తయారుచెయ్యి. చేశాక ఒంగోలు తీసుకొస్తే నా బల్ల మీద పెట్టి ఇద్దరం పరీక్షిద్దాం.

ప్రశ్న: 2,000 వాట్లది కొంటే ఎక్కువ లాగుతుందా?
– రిటైర్డ్ టీచర్, నెల్లూరు

జవాబు: అలాగని ఏమీ లేదు మాస్టారూ. వాట్లు అంటే అది తినే కరెంటు, చేసే పని కాదు. యూరప్‌లో 2014లో 1,600 వాట్లకు, 2017లో 900 వాట్లకు మించినవి మార్కెట్లోకి రాకుండా నిబంధన పెట్టారు. అయినా అక్కడి ఇళ్లు శుభ్రంగానే ఉన్నాయి. డబ్బా మీద పీల్చే బలాన్ని చెప్పే కిలోపాస్కల్ అంకె చూడండి. 20 కిలోపాస్కల్ అంటే 2 మీటర్ల ఎత్తుకు నీళ్లు పీల్చేంత బలం, ఇంటికి అది చాలు. దాంతోపాటు ఫిల్టరు విడిగా నెల్లూరులో దొరుకుతుందో లేదో కొనేముందే షాపువాళ్లను అడగండి. దొరకదంటే ఎన్ని వాట్లున్నా ఆ మెషీన్ తీసుకోవద్దు.