మన అమరావతి రాయి ఏ రంగు?

“మా తమ్ముడికి 23 ఏళ్ళు, ఉద్యోగంలో చేరి ఏడాదైంది. దాచుకున్న డబ్బుతో ఒక్కడే వియత్నాం వెళ్తానంటున్నాడు. ఈ వయసులో విదేశాలు తిరిగితే ఏం ఒరుగుతుంది? ఆ డబ్బుతో ఏదైనా చిట్టీ వేసుకుంటే మంచిది కదా?” అని అడిగారు. పంపించండి. చిట్టీ ఏ వయసులోనైనా వేసుకోవచ్చు.

ఇంత గట్టిగా చెప్పడానికి కారణం ఉంది. 2024 ఫిబ్రవరిలో, నాకు 24 ఏళ్ళప్పుడు, నేనూ ఆ దేశానికే ఒక్కదాన్నే వెళ్ళొచ్చాను. పది రోజులకి, విమానం టికెట్లతో కలిపి 62,000 అయింది.

మాది గుంటూరు. మా ఇళ్ళల్లో విదేశం అంటే ఎమ్మెస్ ఒక్కటే. మా పెదనాన్న కొడుకు కోసం ఇల్లు తాకట్టు పెట్టి 40 లక్షలు లోను తెస్తే చుట్టాలంతా వచ్చి ఆశీర్వదించి వెళ్ళారు. అక్కడికి వెళ్ళి ఏం నేర్చుకుంటాడని ఒక్కరూ అడగలేదు. నేను నా జీతంలోంచి దాచుకున్నది ఖర్చు పెట్టుకుంటానంటే మాత్రం మా నాన్న నెల రోజులు నాతో సరిగ్గా మాట్లాడలేదు. ఈ లెక్క నాకు ఇప్పటికీ మింగుడుపడదు. మా అన్నయ్య అమెరికా వెళ్ళి ఆరేళ్ళయింది. ఉన్న రాష్ట్రం దాటి ఏమీ చూడలేదు పాపం. నెత్తిమీద అంత అప్పు ఉంటే ఆ టెన్షన్‌లో ఎవరు మాత్రం తిరుగుతారు?

నేర్చుకోవడం అనేది వీసా దగ్గరే మొదలైంది. హైదరాబాదులో ఒక ఏజెంటు ఆరు వేలు అడిగాడు. వియత్నాం ప్రభుత్వ వెబ్‌సైటులో సొంతంగా అప్లై చేసుకుంటే 25 డాలర్లు. కానీ ఇంటిపేరు ఎక్కడ రాయాలి, అసలు పేరు ఎక్కడ రాయాలి అని రెండు రాత్రులు తల పట్టుకున్నాను. పాస్‌పోర్టులో ఇంటిపేరు ఒకలా, పదో తరగతి సర్టిఫికెట్‌లో ఇంకోలా ఉన్న తెలుగువాళ్ళకి ఈ బాధ తెలిసే ఉంటుంది. అక్కడికి వెళ్ళాక తెలిసిన సంగతేమిటంటే వియత్నాం వాళ్ళూ మనలాగే ఇంటిపేరు ముందు రాస్తారు. ఇది తెలిసి నాకు ఎంత సంతోషం వేసిందో చెప్పలేను.

హనోయ్‌లో మొదటి పొద్దున ఒకావిడ బండి దగ్గర రొట్టె కొని ఒక నీలం నోటు ఇచ్చాను. ఆవిడ తీసుకోలేదు. నా చేతిలో ఉన్న ఇంకో నీలం నోటు లాగి, రెండూ బండి చెక్క మీద పక్కపక్కన పరిచి, వేలితో సున్నాలు లెక్కపెట్టి చూపించింది. ఒకటి 20 వేల డాంగ్‌లు, మన లెక్కలో డెబ్భై రూపాయలు కూడా కాదు. నేను ఇవ్వబోయింది 5 లక్షలది, దాదాపు పదిహేడు వందలు. ఆ సాయంత్రమే నోట్లన్నీ విడదీసి రెండు పర్సుల్లో పెట్టుకున్నాను. ఇంట్లో ఉన్నంతకాలం నా డబ్బు లెక్క మా నాన్నే చూసేవారు. మన పిల్లలకి డబ్బు సంపాదించడం నేర్పుతారు గానీ సొంతంగా పట్టుకుని తిరగడం నేర్పరు. ఇక్కడ పదేళ్ళు ఉద్యోగం చేసినా రానిది అక్కడ పది రోజుల్లో వస్తుంది.

అసలు చెప్పాలనుకున్నది ఇదీ కాదు.

హనోయ్ నుంచి దనాంగ్‌కి రైల్లో దాదాపు 800 కిలోమీటర్లు వెళ్ళి, అక్కడి నుంచి హోయ్ ఆన్ అనే పాత రేవు పట్నం చేరాను. ప్రతి నెలా పౌర్ణమి ముందు రాత్రి పాత వీధుల్లో కరెంటు దీపాలు ఆర్పి రంగు లాంతర్లు వెలిగిస్తారు. నేను చేరింది సరిగ్గా ఆ రోజే. మర్నాడు మన మాఘ పౌర్ణమి. ఆ పొద్దునే నలభై కిలోమీటర్ల దూరంలో ఉన్న మీసన్‌కి బయల్దేరాను.

మీసన్ అంటే చుట్టూ కొండలు, మధ్యలో ఎర్ర ఇటుకల శివాలయాలు. ఒకప్పుడు ఆ ప్రాంతాన్ని ఏలిన చంపా రాజులు నాలుగో శతాబ్దం నుంచి దాదాపు వెయ్యేళ్ళు కడుతూ వచ్చారు. మొదట కట్టించిన భద్రవర్మ తన పేరు కలిపి స్వామికి భద్రేశ్వరుడని పేరు పెట్టాడు. ఇటుకకీ ఇటుకకీ మధ్య సున్నం కనపడదు. 1969 ఆగస్టులో అమెరికా బాంబులకి అన్నిటికన్నా గొప్ప గోపురం కూలిపోయింది. బాంబులు పడ్డ గుంటలు ఇప్పటికీ గడ్డి మధ్య కనిపిస్తాయి. 2017 నుంచి మన భారత పురావస్తు శాఖ వాళ్ళే వెళ్ళి కొన్ని గుళ్ళు బాగుచేశారు. 2020లో ఆ పనుల్లోనే ఒకే రాతిలో చెక్కిన శివలింగం బయటపడింది. మన వార్తల్లో ఇలాంటివాటికి ఎంత చోటు ఇస్తున్నారో మీరే చూస్తున్నారు.

మాకు గైడుగా వచ్చిన అమ్మాయి దనాంగ్‌లో డిగ్రీ చదువుతోంది, శని ఆదివారాల్లో ఈ పని చేస్తుందట. ముందు నా వయసు అడిగింది. వాళ్ళ భాషలో నువ్వు, నేను అనే చోట అక్క, చెల్లి, పిన్ని లాంటి వరసలే వాడతారు కాబట్టి వయసు తెలియనిదే మాట మొదలవదు. నేను నాలుగేళ్ళు పెద్ద. ఆ క్షణం నుంచి నేను తనకి ‘చి’, అంటే అక్కని. మా గుంపులో ఉన్న యూరప్ వాళ్ళకి ఈ సంగతి ఎంతసేపు చెప్పినా అర్థం కాలేదు. గుంటూరు బస్టాండులో ముక్కూ మొహం తెలియనావిడని పిన్నీ అని పిలిచి సీటు అడిగే నాకు ఒక్క మాట సరిపోయింది.

“ఇండియాలో ఏ ఊరక్కా?” అంది ఇంగ్లీషులో. గుంటూరు అన్నాను. తెలియదంది. అమరావతి పక్కన అన్నాను. నడుస్తున్నదల్లా ఆగిపోయింది. చెయ్యి చాచి చుట్టూ ఉన్న కొండల్ని చూపిస్తూ, “అక్కా, ఇదీ అమరావతే” అంది.

చంపా రాజ్యం రోజుల్లో ఆ ప్రాంతం పేరు అమరావతి. దక్షిణాన విజయ, కౌఠార, పాండురంగ అని ఇంకా పేర్లున్నాయి. ఆ పక్కనే డోంగ్ యువాంగ్‌లో 1911లో దొరికిన కంచు బుద్ధుడిది మన అమరావతి శైలి అని చాలామంది పండితులు రాశారు. ఇదంతా ఆ అమ్మాయే చెప్పింది. చెప్పి, ఎంతో ఆశగా అడిగింది: “మీ అమరావతి స్తూపానికి వాడిన రాయి ఏ రంగక్కా?”

నాకు తెలియదు.

చిన్నప్పటి నుంచి ప్రతి కార్తీక మాసం అమరేశ్వరుడి గుడికి వెళ్ళాను. అంతెత్తు లింగానికి పూజారి పైఅంతస్తు నుంచి అభిషేకం చేస్తుంటే మెడ సాచి చూశాను. కృష్ణలో మునిగి, ప్రసాదం పులిహోర తిని బస్సెక్కి వచ్చేవాళ్ళం. స్తూపం అక్కడి నుంచి నడిచి వెళ్ళే దూరం. ఇరవై నాలుగేళ్ళలో ఒక్కసారీ అటు తిరగలేదు. స్కూల్లో అమరావతి మాకు రెండు మార్కుల ప్రశ్న. ఎన్నడూ తన దేశం దాటని ఇరవై ఏళ్ళ పిల్ల మా ఊరి పక్క రాయి గురించి అడిగితే నాకు కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. వెళ్ళి చూసి చెప్తానని మాటిచ్చాను.

మధ్యాహ్నం తనే భోజనానికి తీసుకెళ్ళింది. వాళ్ళల్లో చాలామంది అమావాస్యకీ పౌర్ణమికీ మాంసం ముట్టరు. శాకాహారాన్ని ‘చాయ్’ అంటారు, మన టీ చాయ్ లాగే పలకాలి. అన్నం, టోఫు, పుట్టగొడుగుల పులుసు. అమ్మ మూట కట్టిచ్చిన కందిపొడి ఆ రోజు బయటికి తీయలేదు. వంటమనిషిని వెంటేసుకుని వెళ్ళే గ్రూపు టూర్లని నేను తప్పుపట్టను, పెద్దవాళ్ళకి అదే సుఖం. 23 ఏళ్ళ కుర్రాడికి మాత్రం వద్దు.

తిరిగొచ్చిన మొదటి ఆదివారం నాన్నని తీసుకుని అమరావతి వెళ్ళాను. స్తూపం అనేది ఇప్పుడు పచ్చగడ్డి మధ్య గుండ్రటి దిబ్బ, చుట్టూ అక్కడక్కడా నిలబెట్టిన పలకలు. దీపాలదిన్నె అనేవారట పూర్వం. మంచి శిల్పాలు చాలావరకు లండన్ బ్రిటిష్ మ్యూజియంలో, చెన్నై మ్యూజియంలో ఉన్నాయి. ఉన్నవాటి దగ్గరే చాలాసేపు నిలబడ్డాను. పల్నాటి సున్నపురాయి అది. దూరం నుంచి తెలుపు, దగ్గరికెళ్తే లేత ఆకుపచ్చ. ఒక పలక మీద తామరపువ్వు రేకుల అంచులు ఇంకా పదునుగానే ఉన్నాయి. నాన్న వంగి చూసి, “ఇన్నేళ్ళూ గుడికొచ్చి వెనక్కి పోయాం కదమ్మా” అన్నారు. ఫోటో తీసి ఆ అమ్మాయికి పంపాను.

ఇక్కడే చూడాల్సినవి బోలెడున్నాయి, బయటికెందుకు అని మీకు ఎవరైనా అంటే ఈ సంగతి చెప్పండి. గంట ప్రయాణంలో ఉన్నదాన్ని నేను చూడటానికి ఎక్కడో మీసన్‌లో ఒకరు అడగాల్సి వచ్చింది. మీ తమ్ముడిని కూడా ఏదో ఒకటి అడిగేవాళ్ళు అక్కడ తప్పకుండా ఉంటారు.

వీసా ఫారం తననే నింపుకోమనండి, మీరు చెయ్యి పెట్టకండి. 20 వేల నోటూ 5 లక్షల నోటూ వేర్వేరుగా పెట్టుకోమనండి. అక్టోబరు, నవంబరుల్లో హోయ్ ఆన్ వైపు వరదలొస్తాయి, ఫిబ్రవరి, మార్చి మంచిది. మీరు మా వైపు వాళ్ళే అయితే బయల్దేరే ముందు ఒకసారి అమరావతి మ్యూజియం చూసి వెళ్ళమనండి. శుక్రవారం మాత్రం సెలవు.