టోకు ధరలు పెరిగాయని ఎఫ్‌డీ తీసి ఇనుము కొనాలా?

ప్రశ్న: విజయవాడ ఆటోనగర్‌లో మా వారికి లారీ బాడీలు కట్టే షెడ్డు ఉంది. లెక్కలు నేను చూస్తాను. నెలకు రెండు బాడీలు కడతాం. ఒక్కో దానికి సుమారు 5 లక్షలు తీసుకుంటే, అందులో 2 లక్షలు ఇనుప చానళ్లు, యాంగిళ్లు, షీట్లకే పోతాయి. కూలీలు, కరెంటు, అద్దె పోగా 45 వేలు మిగులుతుంది. కొటేషన్ ఇచ్చాక బండి షెడ్డులోకి రావడానికి ఒక్కోసారి నెల పడుతుంది. ఈలోగా ఇనుము పెరిగితే ఆ భారం మాదే. మొన్న పేపర్లో టోకు ద్రవ్యోల్బణం ఒక్క నెలలో రెట్టింపు అయిందని చదివాం. మా అమ్మాయి ఇప్పుడు ఇంటర్ చదువుతోంది. తన ఇంజినీరింగ్ కోసం వేసిన 9 లక్షల ఎఫ్‌డీ 7 శాతం వడ్డీతో ఉంది, వచ్చే జూన్‌లో గడువు తీరుతుంది. అది తీసేసి ఇప్పుడే ఇనుము కొని పెట్టుకుందామంటున్నారు మా వారు. ఏం చేయమంటారు?

జవాబు: అమ్మా, ఆ ఎఫ్‌డీని ముట్టుకోవద్దు. మీ వారి భయం మాత్రం నిజమైనదే. ఇనుము 8 శాతం పెరిగితే ఒక్క బాడీ మీద 16 వేలు పోతాయి, 45 వేల మిగులు 29 వేలకు పడిపోతుంది. నెలకు రెండు బాడీలు కట్టే ఇంటికి ఇది చిన్న దెబ్బ కాదు. అయితే ఆ దెబ్బ తగిలేది కొటేషన్‌కు, కొనుగోలుకు మధ్య ఉన్న ఖాళీ రోజుల్లో. పేపర్లో వచ్చిన అంకె చూసి సరుకు నింపుకుంటే ఆ ఖాళీ పూడదు.

ముందు ఆ అంకె సంగతి చూద్దాం. కేంద్ర వాణిజ్య, పరిశ్రమల శాఖలోని ఆర్థిక సలహాదారు కార్యాలయం టోకు ధరల సూచీని సాధారణంగా ప్రతి నెలా 14న విడుదల చేస్తుంది. అది అంతకు ముందు నెల లెక్క. టోకు మార్కెట్లో రకరకాల సరుకుల ధరలను కలిపి ఒక్క అంకెగా చూపేదే ఈ సూచీ, అది ఏడాదిలో ఎంత శాతం పెరిగిందో చెప్పేదే మీరు చదివిన టోకు ద్రవ్యోల్బణం. 2011-12 ధరలను 100గా పెట్టుకుని లెక్కించే శ్రేణిలో 697 సరుకులున్నాయి. వాటిలో పప్పులు, కూరగాయలు, ముడి చమురు, డీజిల్, మందులు, బట్టలు అన్నీ ఉన్నాయి. ఇనుము సహా మూల లోహాలన్నిటికీ కలిపి వచ్చే వాటా సుమారు 9.6 శాతం. కూరగాయలో డీజిలో పెరిగినా సూచీ పైకి పోతుంది. అదే వారం మీరు ఐరన్ షాపుకు వెళితే ధర తగ్గి ఉండవచ్చు.

ఇంకో చిక్కు ఉంది. పేపర్లో పెద్ద అక్షరాలతో వచ్చే శాతం పోయిన నెలతో పోల్చింది కాదు, పోయిన ఏడాది ఇదే నెలతో పోల్చింది. ఊహాసంఖ్యలతో చెబుతాను. పోయిన ఏడాది సూచీ ఏప్రిల్‌లో 150, మేలో 146 అనుకోండి. ఈ ఏడాది ఏప్రిల్‌లో 153, మేలో 152. ఏప్రిల్ ద్రవ్యోల్బణం 2 శాతం, మే ద్రవ్యోల్బణం 4.1 శాతం వస్తుంది. పేపర్లో 'రెట్టింపు' అని వస్తుంది. కానీ ఏప్రిల్ నుంచి మేకు ధరలు నిజానికి తగ్గాయి! పోయిన ఏడాది మే నెల మరీ తక్కువగా ఉండడమే ఆ రెట్టింపునకు కారణం. మీరు చదివిన వార్త కూడా ఇలాంటిదే కావచ్చు. సరుకు కొనేవాళ్లకు పనికొచ్చేది నెల మీద నెల మార్పు. దాన్ని వార్తలో లోపల ఎక్కడో ఒక వాక్యంలో చెబుతారు. తొలి అంకె తాత్కాలికమే, తరువాత సవరిస్తారు కూడా.

2022 వేసవి మీ వారికి బాగా గుర్తుండి ఉంటుంది. ఉక్రెయిన్ యుద్ధంతో బొగ్గు, లోహాల ధరలు ఎగబాకాయి, ఉక్కు రేట్లు మండిపోయాయి. మే 21న కేంద్రం అనేక రకాల ఉక్కు ఎగుమతులపై 15 శాతం సుంకం వేసింది. ఎగుమతి కావలసిన సరుకు దేశంలోనే నిలిచి ధరలు దిగడం మొదలైంది. మే నెల టోకు ద్రవ్యోల్బణం 15 శాతం దాటిందన్న వార్త మాత్రం జూన్ మధ్యలో వచ్చింది. ఆ వార్త చదివి భయంతో సరుకు నింపుకున్నవారు దిగుతున్న మార్కెట్‌లో కొన్నట్టయింది. ఆ సుంకాన్ని నవంబరులో ఎత్తేశారు. ఇలాంటి ప్రభుత్వ నిర్ణయాలను ఏ షెడ్డు యజమానీ ముందుగా ఊహించలేడు, నేనూ ఊహించలేను. అందుకే పిల్ల చదువు డబ్బును దాని మీద పెట్టమని ఎవరు చెప్పినా నేను ఒప్పుకోను.

మీ వారి ఆలోచననే లెక్క వేసి చూద్దాం. 9 లక్షల బిల్లులో 18 శాతం జీఎస్టీ కిందే సుమారు 1.37 లక్షలు పోతాయి. దాన్ని తరువాత మీరు కట్టాల్సిన జీఎస్టీలో జమ చేసుకోగలిగినా అప్పటిదాకా ఆ డబ్బు మీ చేతిలో ఉండదు. మిగిలిన 7.63 లక్షలకు వచ్చే ఇనుము నెలకు రెండు బాడీల చొప్పున రెండు నెలలకు మించి రాదు. అంటే ఇంత చేసి మీరు కొనుక్కునే రక్షణ రెండు నెలలది. ఆ తరువాత మళ్లీ మార్కెట్ ధరే. ధర 5 శాతం పెరిగితే దాదాపు 38 వేలు కలిసివస్తాయి, 5 శాతం తగ్గితే అంతే పోతుంది. తగ్గినప్పుడు పక్క షెడ్డు చవకగా కొని తక్కువ కొటేషన్ ఇస్తుంది, మీరు ఎక్కువ ధరకు కొన్న ఇనుముతో పోటీ పడాలి. కృష్ణ ఒడ్డున వానాకాలం గాలి తేమకు షీట్లు తుప్పు పట్టకుండా చూసుకోవాలి. గడువుకు ముందే తీసినందుకు బ్యాంకు సాధారణంగా వడ్డీలో కొంత కోస్తుంది. వచ్చే జూన్‌లో ఫీజు కట్టాల్సిన రోజుకు ఆ డబ్బు ఇనుము రూపంలోనో, లారీ యజమాని బాకీ రూపంలోనో ఉంటే ఏం చేస్తారు?

అసలు మందు కొటేషన్ కాగితంలోనే ఉంది. మీరు ఇప్పుడు నెల రోజుల పాటు ధరను ఉచితంగా పట్టి ఉంచుతున్నారు. ఇకపై 'ఈ ధర 10 రోజుల వరకే' అని రాయండి. 40 శాతం, అంటే 2 లక్షలు, అడ్వాన్సు అందాకే ధర ఖాయమని చెప్పండి. అడ్వాన్సు అందిన రోజే ఆ బండికి కావలసిన ఇనుమంతా కొనేయండి, ఛాసిస్ (బాడీ కట్టాల్సిన బండి చట్రం) ఇంకా రాకపోయినా సరే. అప్పుడు మీ ఖాళీ నెల నుంచి 10 రోజులకు తగ్గుతుంది. అంత అడ్వాన్సు ఇవ్వలేని పాత ఖాతాదారులకు ఇంకో మాట రాయండి: కొటేషన్ రోజున షాపు ఇచ్చిన రేటు కంటే కొన్న రోజు బిల్లు 3 శాతానికి మించి మారితే ఆ తేడా లారీ యజమానిది, పెరిగినా తగ్గినా. తగ్గినప్పుడు నిజంగానే వెనక్కి ఇవ్వండి, అప్పుడే ఆ షరతును ఎవరూ కాదనరు. ప్రభుత్వ రోడ్లు, వంతెనల కాంట్రాక్టుల్లో ఇలాంటి సర్దుబాటును టోకు సూచీతోనే చేస్తారు. మీకు సూచీ అక్కర్లేదు, షాపు బిల్లే సరైన కొలత.

లారీ యజమానులకు ఈ పద్ధతి కొత్త కాదు. కాజ టోల్‌గేటు లాంటి చోట్ల వాళ్లు కట్టే రుసుమును ఏటా సవరించేటప్పుడు, 2008 నాటి నిబంధనల ప్రకారం 3 శాతానికి తోడు టోకు సూచీ పెరుగుదలలో 40 శాతం కలుపుతారు. ధర మారితే ఒప్పందం మారడం వాళ్లు ఏటా చూస్తున్నదే.

అడ్వాన్సు నాలుగు రోజులు ఆలస్యమై ఇనుము ఇప్పుడే కొనాల్సి వస్తే, ఎఫ్‌డీ తీయకుండా దాని మీద ఓవర్‌డ్రాఫ్ట్, అంటే ఆ డిపాజిట్ హామీగా కావలసినప్పుడు వాడుకుని తీర్చే అప్పు, అడగండి. బ్యాంకులు సాధారణంగా డిపాజిట్‌లో 90 శాతం దాకా, ఎఫ్‌డీ వడ్డీకి సుమారు 1 శాతం పైన ఇస్తాయి. 2 లక్షలు 20 రోజులు 8 శాతానికి వాడుకుంటే అయ్యే వడ్డీ దాదాపు 880 రూపాయలు. 16 వేల నష్టం ముందు అది లెక్కలోకి రాదు. మీ వారితో కూర్చుని ఒక హద్దు పెట్టుకోండి: ఒక్క బాడీ ఇనుముకు మించి, అంటే 2 లక్షలకు మించి, ఆ ఖాతాలో ఎప్పుడూ వాడకూడదు. అడ్వాన్సు రాగానే ముందు అదే తీరాలి. మార్చి తరువాత అసలు వాడవద్దు. జూన్ కల్లా ఆ డిపాజిట్ మీద అప్పు ఏదీ ఉండకూడదు.

ఎఫ్‌డీకి గడువు తీరగానే దానంతట అదే మళ్లీ డిపాజిట్ అయ్యే సూచన ఇచ్చి ఉన్నారేమో ఈ వారమే బ్యాంకులో కనుక్కోండి. ఉంటే రద్దు చేయించి, మొత్తం మీ పొదుపు ఖాతాలోకి వచ్చేట్టు రాయించండి. షెడ్డు వ్యాపారానికి వాడే బ్యాంకు ఖాతాలోకి మాత్రం వద్దు.