పొడవు జుట్టు తీసేస్తే యేసు అని గుర్తుపడతారా?

సండే స్కూల్ గోడకి మొదటి శతాబ్దపు యేసు బొమ్మ వేయాలనీ, జుట్టు దగ్గర ఆగిపోయాననీ అడిగారు. పొట్టిగానే వేయండి. "నజరేయుడు కదా, జుట్టు కత్తిరించడు" అని సంఘంలో ఎవరో ఒకరు అడ్డం పడతారు. నజరేయుడంటే నజరేతు ఊరివాడు. జుట్టు కత్తిరించని సమ్సోను నాజీరు, అంటే దేవుడికి ప్రత్యేకించబడినవాడు. నాజీరు ద్రాక్షారసం ముట్టడు, యేసు తాగాడు. పైగా పురుషుడికి పొడవు జుట్టు అవమానమని పౌలే రాశాడు (1 కొరింథీ 11:14).

సిరియాలోని దూరా యూరోపస్‌లో సుమారు క్రీ.శ. 235 నాటి గోడబొమ్మలో యేసుకి పొట్టి జుట్టు, గడ్డమే లేదు. అయినా మీరు పొట్టి గడ్డం ఉంచండి, యూదుడికి అదే సహజం. మనం క్యాలెండర్లలో చూసే ముఖానికి మూలం చాలావరకు 1940లో అమెరికన్ వార్నర్ సాల్మన్ వేసిన బొమ్మ.

చర్మానికి బర్న్‌ట్ సియెన్నా (ఎర్రగోధుమ రంగు) ఎక్కువ, తెలుపు బాగా తక్కువ. కళ్లు ముదురు గోధుమరంగు. అంగీ మోకాళ్ల కిందికి కాస్త దిగితే చాలు, రంగు అద్దని ఉన్ని ఛాయలో. నిలువుటంగీలతో తిరిగే శాస్త్రుల్ని ఆయనే ఎత్తిపొడిచాడు (మార్కు 12:38). పైబట్ట నాలుగు చెంగులకీ నీలిదారం కలిపిన కుచ్చులు మరవకండి. రక్తస్రావం గల స్త్రీ ముట్టుకున్న చెంగు అదే. పిల్లలు గుర్తుపట్టేది దాన్ని చూసే.