చంద్రుడు ఎలా పుట్టాడు? భూమిని వేరే గ్రహం ఢీకొట్టిందన్న మాటకు ఆధారాలేమిటి?

ఎవరూ చూడని సంగతిని ఇంత ధీమాగా ఎలా చెబుతున్నారని అడిగారు. రాళ్లను బట్టి చెబుతున్నారు. నేను జియాలజీ చదివాను కాబట్టి అటు నుంచే వస్తాను.

ఎమ్మెస్సీలో ఫీల్డ్ వర్క్‌కి మమ్మల్ని తమిళనాడులో నామక్కల్ జిల్లా సిత్తంపూండికి తీసుకెళ్లారు. అక్కడ అనార్థోసైట్ అనే తెల్లటి రాయి ఉంది. సుత్తితో విరగ్గొట్టి ఆ ముక్కను ఎండకు తిప్పితే అందులోని ప్లేజియోక్లేజ్ అనే ఖనిజపు పలకలు తళుక్కుమంటాయి. లెన్స్ పెట్టి చూస్తే కొన్నిటి మీద సన్నటి సమాంతర గీతలు కనిపిస్తాయి. చంద్రుడి మీద మన కంటికి తెల్లగా కనిపించే ఎత్తైన ప్రాంతాల్లో ఎక్కువగా ఉన్నది ఈ రకం రాయే. పుట్టిన తీరు వేరైనా ఖనిజం అదే. అందుకే చంద్రయాన్-2 పరీక్షలకు కావలసిన నకిలీ చంద్రుడి మట్టిని ఇస్రో ఇక్కడి రాయితో తయారుచేసుకుంది.

ప్లేజియోక్లేజ్ తేలికైన ఖనిజం. చంద్రుడి పైపొరలో అది అంతగా పేరుకుందంటే, ఒకప్పుడు అక్కడ వందల కిలోమీటర్ల లోతు వరకు అంతా కరిగిన రాయే ఉండాలి. బరువైన ఖనిజాలు అడుక్కి దిగి, ఇది పాల మీద మీగడలా పైకి తేలింది. అపోలో 11 తెచ్చిన మట్టిలోని చిన్న చిన్న తెల్ల ముక్కలను చూసి 1970లోనే ఈ మాట అన్నారు. 2023లో దక్షిణ ధ్రువం వైపు దిగిన ప్రజ్ఞాన్ రోవర్ కొలతలూ దీనికి సరిపోయాయి. అంటే చంద్రుడు పుట్టిందే విపరీతమైన వేడిలో.

పాత సిద్ధాంతాలు ఇక్కడే తడబడతాయి. భూమి, చంద్రుడు పక్కపక్కనే ఒకే ముద్దగా పోగయ్యాయంటే ఇనుము లెక్క కుదరదు: ఘన సెంటీమీటరుకు గ్రాముల్లో భూమి సాంద్రత 5.5, చంద్రుడిది 3.34, లోపలి ఇనుప గుండు మరీ చిన్నది. చార్లెస్ డార్విన్ కొడుకు జార్జ్ డార్విన్ చెప్పినట్టు భూమి నుంచే విడిపోవాలంటే భూమి ఇంకా చాలా వేగంగా తిరిగి ఉండాలి. ఎక్కడి నుంచో వచ్చి చిక్కుకుందంటే, దాని వేగాన్ని ఏది తగ్గించిందో చెప్పడం కష్టం.

1975లో హార్ట్‌మన్, డేవిస్, ఆ మరుసటి ఏడాది కామెరాన్, వార్డ్ ఢీకొట్టుడు సిద్ధాంతం ముందుకు తెచ్చారు. దాదాపు అంగారకుడంత గ్రహం గుద్దుకుంది, దాని ఇనుము భూమిలోకి దిగిపోయింది, చిమ్మిన రాతి పదార్థం నుంచి చంద్రుడు తయారయ్యాడు. ఇనుము ఎందుకు తక్కువ, వేడి ఎందుకు ఎక్కువ, రెండిటికీ ఒకేసారి జవాబు దొరుకుతుంది.

అసలు తలనొప్పి ఆక్సిజన్ ఐసోటోపులతో, అంటే బరువులో తేడా ఉన్న ఆక్సిజన్ పరమాణువులతో. తొలి కంప్యూటర్ నమూనాల ప్రకారం చంద్రుడిలో ఎక్కువ భాగం ఆ వచ్చిన గ్రహానిదే కావాలి. కానీ అంగారకుడి ఉల్కల్లో ఐసోటోపుల నిష్పత్తి స్పష్టంగా తేడాగా ఉంటే, చంద్రుడి రాళ్లలో మాత్రం భూమితో దాదాపు తేడాయే లేదు. దీనికి 2012లో రెండు జవాబులు వచ్చాయి: గుద్దుకున్న రెండూ ఇంచుమించు ఒకే సైజువి కాబట్టి పదార్థం బాగా కలిసిపోయిందని ఒకటి, భూమి అప్పటికే చాలా వేగంగా తిరుగుతోంది కాబట్టి చిమ్మినదాంట్లో ఎక్కువ భూమిదేనని ఇంకొకటి. రెండిటిలోనూ గుద్దుకున్నాక భూమి మరీ వేగంగా తిరగాలి, తర్వాత ఆ అదనపు వేగం ఎటు పోయిందో చెప్పాల్సి వస్తుంది, అందుకే నాకు రెండూ పూర్తిగా మింగుడుపడలేదు. గుద్దుకుందా అంటే మాత్రం అవుననే అంటాను. ఎంత పెద్దది, ఎంత వేగంతో అన్నదే ఇంకా తేలాలి.