మూత్రం నారింజ రంగులో ఉందా? కామెర్ల కంటే ముందు ఆ చలి సంగతి చూడండి

ప్రశ్న: నా వయసు 34. మూత్రంలో మంటగా ఉంటే మెడికల్ షాపులో అడిగి మాత్రలు తెచ్చుకుని ఐదు రోజులుగా వేసుకుంటున్నాను. ఇంట్లో మిగిలిన యాంటీబయాటిక్ కూడా రెండు వేసుకున్నాను. మూత్రం ముదురు నారింజ రంగులో వస్తోంది. యూరిన్ టెస్టులో బిలిరుబిన్, నైట్రైట్ పాజిటివ్ అన్నారు. కామెర్లేనని, పసరు మందు తీసుకోమని మా అత్తగారు అంటున్నారు. కాంటాక్ట్ లెన్సులు కూడా పచ్చబడ్డాయి. రెండు రాత్రులుగా చలి, నడుము కుడిపక్క నొప్పి ఉన్నాయి. ఇవి కామెర్లేనా?
– ఓ పాఠకురాలు, నల్గొండ

జవాబు: అమ్మా, కామెర్ల గురించి తర్వాత మాట్లాడుకుందాం. చివర్లో మామూలు విషయంలా రాసేసిన చలి, నడుము నొప్పే నన్ను కంగారు పెడుతున్నాయి. మూత్రంలో మంటతో మొదలై ఇవి తోడయ్యాయంటే ఇన్ఫెక్షన్ కిడ్నీ దాకా పాకిందేమోనని అనుమానించాలి. మిమ్మల్ని చూడకుండా అదేనని చెప్పలేను. ఇది చదివిన రోజే ఫిజీషియన్‌కు చూపించుకోండి. వాంతులవుతున్నా, జ్వరం 101 డిగ్రీలు దాటినా, షుగర్ ఉన్నా, నెల తప్పి ఉన్నా ఓపీ కోసం ఆగకుండా ఎమర్జెన్సీకే వెళ్లండి.

మాత్ర పేరు రాయలేదు. లక్షణాలను బట్టి ఫెనజోపైరిడిన్ అయి ఉండొచ్చు, అట్ట వెనక చూసుకోండి. అది నిజానికి అజో జాతి రంగు పదార్థం, మూత్రం నారింజ రంగులో రావడానికి కారణం అదే కావొచ్చు. మంట తెలియకుండా చేస్తుందే తప్ప ఇన్ఫెక్షన్‌ను తగ్గించదు. యాంటీబయాటిక్‌తో కలిపి రాసినా సాధారణంగా రెండు రోజులకు మించి ఇవ్వం. మీరు ఐదు రోజులు వాడారు!

ల్యాబ్‌లో మూత్రంలో ముంచే పట్టీ మీద చిన్న గళ్లుంటాయి. వాటి రంగు ఎంత మారిందో చూసి ఫలితం చెబుతారు. మూత్రమే నారింజ రంగులో ఉంటే గళ్లకు ఆ రంగే అంటుకుంటుంది. బ్యాక్టీరియా ఉందేమోనని సూచించే నైట్రైట్ గడి గులాబీ రంగుకు తిరిగితే పాజిటివ్ అంటారు. మాత్ర రంగు పడినా అది అలాగే కనబడొచ్చు. బిలిరుబిన్ (కామెర్లలో పెరిగే పసుపు పదార్థం), కీటోన్, ప్రోటీన్ గళ్లదీ అదే తీరు. కాబట్టి ఆ రిపోర్టు చూసి కామెర్లున్నాయనీ అనను, లేవనీ అనను. పగటి వెలుతురులో కంట్లో తెల్లగుడ్డు పచ్చబడిందేమో చూసుకోండి, రక్తంలో బిలిరుబిన్ పరీక్ష చేయించుకోండి. కొన్ని పద్ధతుల్లో దానికీ ఈ మందు అడ్డొస్తుంది, ల్యాబ్ వాళ్లకు ముందే చెప్పండి. ఆ మాత్ర మాత్రం ఈ రోజే ఆపేయండి. కిడ్నీ సరిగా పనిచేయనివాళ్లలో అది ఒంట్లో పేరుకుంటుంది. జీ6పీడీ (ఎర్ర రక్తకణాలను కాపాడే ఎంజైమ్) లోపం ఉన్నవాళ్లలో ఎర్ర రక్తకణాలు పగిలి నిజంగానే కళ్లు పచ్చబడొచ్చు. పసరు మందు మింగేదైనా, కంట్లో పోసేదైనా వద్దు. అత్తగారికి నా మాటగా చెప్పండి.

లెన్సులు పారేయండి. మెత్తటి లెన్సు నీరు పీల్చుకునే ప్లాస్టిక్, కన్నీళ్లలోకి చేరిన ఆ మాత్ర రంగు అందులోకి ఇంకిపోతుంది. ఎంత నానబెట్టినా వదలదు.

ఇప్పుడు కావాల్సింది యూరిన్ కల్చర్. అందులో బ్యాక్టీరియా పెరిగిందా లేదా అని చూస్తారు కాబట్టి రంగుతో ఇబ్బంది లేదు. దాన్ని చెడగొట్టేది మీరు వేసుకున్న ఆ రెండు యాంటీబయాటిక్ మాత్రలు! వాటితో జబ్బు పోదు, కల్చర్‌లో బ్యాక్టీరియా మాత్రం కనబడకుండా పోవచ్చు. అప్పుడు ఏ మందు పనిచేస్తుందో మాకు తెలిసేదెలా? కల్చర్ అడగగానే ‘నిన్ననే ఒకటి వేసుకున్నాను సార్’ అనేవాళ్లు ఓపీకి రోజూ వస్తూనే ఉంటారు. మూడోది వేసుకోకండి. ఏ మాత్ర ఎప్పుడు వేసుకున్నారో రాసుకుని, అట్టలతో సహా డాక్టరుకు చూపించండి.