ఒకే మందు ఒక్కొక్కరిలో ఒక్కోలా ఎందుకు పనిచేస్తుంది? అలవాట్లకీ దానికీ సంబంధం ఉందా?

ఉంది. వయసు, జన్యువులు, తిండి అన్నీ లెక్కలోకి వస్తాయి. కానీ నన్నడిగితే, అన్నిటికన్నా ముందు అడగాల్సింది పొగ సంగతి. అది అడగకపోవడం వల్లే మా అమ్మమ్మకి ప్రాణం మీదికి వచ్చింది.

మాది శ్రీకాకుళం జిల్లాలో సముద్రం ఒడ్డు ఊరు. మా వైపు పెద్దవయసు ఆడవాళ్ళు అడ్డపొగ తాగుతారు, అంటే నిప్పున్న వైపు నోట్లో పెట్టుకుని చుట్ట కాలుస్తారు. అమ్మమ్మకి పెళ్ళికి ముందు నుంచే ఆ అలవాటు. ఆయాసానికి ఏళ్ళ తరబడి థియోఫిలిన్ మాత్ర వేసుకునేది, ఏ ఇబ్బందీ లేదు. వాకిట్లో జారిపడి తుంటి ఎముక విరిగితే విశాఖలో ఒక ప్రైవేటు ఆసుపత్రిలో చేర్చాం. ఆపరేషన్ బాగానే జరిగింది. పాత మాత్రలు పాత డోసులోనే కొనసాగించారు.

కొన్నాళ్ళకి చేతులు వణకడం మొదలైంది. గ్లాసు అందిస్తే సగం నీళ్ళు దుప్పటి మీదే. వాంతులు, గుండెదడ, రాత్రంతా కళ్ళు తెరుచుకునే ఉండేది. గ్యాస్ అన్నారు, ఆపరేషన్ టెన్షన్ అన్నారు, ఈ వయసులో మామూలే అన్నారు. రాత్రి డ్యూటీకి వచ్చిన ఒక కుర్ర డాక్టరు మాత్రం నోరు తెరవమని టార్చి వేసి చూశాడు. అంగిలంతా తెల్లబడి, మధ్యమధ్యలో ఎర్రటి చుక్కలు.

“మామ్మగారూ, చుట్ట తాగుతారా?”

“ఇక్కడికొచ్చిన కాణ్నించి ముట్టుకోనేదు బాబూ.”

వెంటనే రక్తపరీక్ష రాశాడు. మామూలుగా 20 దాటకూడని థియోఫిలిన్ 30 దాటింది. ఆ మాత్ర ఆపాకే ఆవిడ తేరుకుంది.

జరిగిందేమిటంటే, పొగలోని తారు పదార్థాలు కాలేయంలో సిప్ 1ఏ2 అనే ఎంజైమ్‌ని పెంచేస్తాయి. అది థియోఫిలిన్‌ని త్వరగా కరిగించేస్తుంది కాబట్టి పొగతాగేవాళ్ళకి ఎక్కువ డోసు పడుతుంది. పొగ ఆగిన వారంలోపే ఆ ఎంజైమ్ జోరు బాగా తగ్గిపోతుంది, పాత డోసు ఒంట్లో పేరుకుంటుంది. పైగా అక్కడ యూరిన్ ఇన్ఫెక్షన్‌కి ఇచ్చిన సిప్రోఫ్లాక్సాసిన్ ఇదే ఎంజైమ్‌ని అడ్డుకుంటుంది. రెండూ కలిసి వచ్చాయి.

నాకు ఇప్పటికీ కోపం తెప్పించేది ఆ కేస్ షీటు. ‘అలవాట్లు’ అన్న చోట ‘లేవు’ అని రాసి ఉంది. ఆడమనిషి కదా అని ఎవరూ అడగనే లేదు. మగవాళ్ళనైతే ఇంటిల్లిపాది ముందు నిలబెట్టి అడుగుతారు, వాళ్ళు అబద్ధం చెబుతారు. ఆ మాత్రం ప్రశ్న పక్కకి పిలిచి అడగడానికి తీరిక లేకపోతే ఎలా?

కాఫీలోని కెఫీన్‌ని కరిగించేదీ ఈ ఎంజైమే. సిగరెట్ మానేసినవాళ్ళకి నిద్ర పట్టకపోవడానికి సగం కారణం మునుపటిలాగే తాగుతున్న కాఫీలేనని నా గట్టి నమ్మకం. మానసిక జబ్బుకి వాడే క్లోజపిన్ విషయంలో ఇంకా జాగ్రత్త కావాలి, ఇదే దారిలో అది ఒంట్లో ప్రమాదకరంగా పెరిగిపోతుంది. నికోటిన్ చూయింగ్ గమ్ నములుతున్నాం కదా, తేడా ఉండదులే అనుకోవద్దు. ఎంజైమ్‌ని పెంచేది పొగే, నికోటిన్ కాదు.

పొగ మానాల్సిందే, అందులో రెండో మాట లేదు. కానీ ఈ మందులు వాడేవాళ్ళు మానబోయే ముందే డాక్టరుకి చెప్పి డోసు సరిచేయించుకోవాలి. మళ్ళీ మొదలుపెట్టినా చెప్పాలి, ఎందుకంటే అప్పుడు ఆ తగ్గించిన డోసు చాలదు.