తూము తెరిచే మనిషి: యువ రచయితకు లేఖ

తమ్ముడూ,

నీ నవల రాతప్రతి అందింది. వారం రోజులు దగ్గర పెట్టుకుని రెండుసార్లు చదివాను. మొదటిసారి రాత్రిపూట, ఒక్క బిగిన. రెండోసారి తెల్లవారుజామున, పెన్సిల్ పట్టుకుని. వాక్యం నీ చేతికి వచ్చింది. మాటలో వేడి ఉంది. ఇరవై ఆరేళ్ల వయసులో ఒక మనిషి, సమాజం ఎట్లా నిలబడుతుంది, ఎట్లా కూలుతుంది అని అడుగుతూ మూడొందల పేజీలు రాశాడంటే నాకు నిజంగా సంతోషమేసింది. అందుకే ఈ ఉత్తరం పొడుగైంది. ఓపిక పట్టి చదువు.

నవల నడుమ ముగ్గురు మనుషులు రచ్చకట్ట మీద కూర్చుంటారు. ఒకాయన కమ్యూనిస్టు, ఒకాయన గాంధేయుడు, మూడోవాడు ఎవడి కష్టం వాడిది, ఎవడి లాభం వాడిది అనేవాడు. నలభై పేజీలు వాదించుకుంటారు. ఆఖరికి నీ కథానాయకుడు లేచి, ఏ సిద్ధాంతం పట్టుకుంటే ఊరు వెయ్యేళ్లు నిలుస్తుందో తేల్చి చెప్తాడు. వాదన బాగా పేర్చావు. కానీ చదువుతున్నంతసేపూ నన్ను ఒకటే ప్రశ్న తొలిచింది. ఈ ముగ్గురూ పొద్దున తిని వచ్చిన బువ్వ ఏ పొలంలో పండింది? ఆ పొలానికి నీళ్లు ఏ చెరువువి? ఆ చెరువు తూము ఎవరు తెరిచారు? నీ ఊళ్లో ఆ మనిషి ఎక్కడా కనిపించలేదు.

మా ఊరి చెరువుకు ఒక నీరటి, అంటే పొలాలకు నీళ్లు వదిలే మనిషి, ఉండేవాడు. వానాకాలం నాట్లప్పుడు కట్టమైసమ్మకు మొక్కు చెల్లించాక అతను చెరువులోకి దిగేవాడు. నీళ్లలో రెండు రాతి స్తంభాలు, వాటి మధ్య అడ్డంగా రాతి పలకలు, పలకలకు కన్నాలు. ఆ కన్నాల్లోంచి కిందికి దిగిన పొడవాటి కర్ర, కర్ర కొసన కొయ్య బిరడా. దాన్ని జానెడు లేపితే ఎన్ని మళ్లు తడుస్తాయో, బెత్తెడు లేపితే ఎన్నో అతని చేతికి తెలుసు. తుంగ, చెత్త ఇరుక్కుంటే ఊపిరి బిగబట్టి మునిగేవాడు. పిల్లలం కట్ట మీద నిలబడి అంకెలు లెక్కపెట్టేవాళ్లం. ఒకసారి అరవై దాటింది, పైకి రాలేదు. మా నాయన పంచె ఎగగట్టి నీళ్లలోకి దిగాడు. అప్పుడు తేలాడు. చేతి నిండా బురద, బొటనవేలి గోరు ఊడి నెత్తురు కారుతోంది. అంతలోనే కట్ట అవతల కాలవలో నీళ్లు పారిన చప్పుడు వినబడింది. జనమంతా అటు పరుగెత్తారు. నేనూ పరుగెత్తాను. అతని దగ్గర ఎవరూ ఆగలేదు.

పంట వచ్చాక కల్లం దగ్గర ప్రతి రైతూ అతనికి మేర, అంటే పంటలో అతని పాలు, కొలిచేవాడు. అతను దళితుడు. నాకంటే నలభై ఏళ్లు పెద్ద. అయినా మా ఇళ్లలో చిన్నపిల్లలు కూడా అతన్ని "రా, పో" అనే పిలిచేవాళ్లు. నేనూ అట్లాగే పిలిచాను. ఆ సంగతి మొదటిసారి కథలో రాయడానికి నాకు ముప్పై ఏళ్లు పట్టింది.

ఇప్పుడు కొంచెం వెనక్కి వెళ్దాం. రామప్ప గుడిని 1213లో కాకతీయ రాజు గణపతిదేవుని సేనాని రేచర్ల రుద్రుడు కట్టించాడు. గుడికి దగ్గరలోనే చెరువు. 1323లో కాకతీయుల రాజధాని ఓరుగల్లు ఢిల్లీ సైన్యం చేతికి చిక్కింది. తర్వాత ముసునూరి నాయకులు, పద్మనాయకులు, బహమనీలు, కుతుబ్‌షాహీలు, మొగలులు, అసఫ్‌జాహీలు వచ్చారు. కొలువు భాష మారింది, నాణెం మారింది, శిస్తు లెక్క మారింది. రామప్ప చెరువు కింద మాత్రం ఇవాళ కూడా వరి నాటుతున్నారు. యాసంగి, అంటే రబీ పంట, ముందు అధికారులు, రైతులు కూర్చుని చెరువులో నీళ్లు ఎన్ని అడుగులున్నాయో చూసి, ఎన్ని ఎకరాలకు వదలాలో తైబందీ ఖరారు చేస్తారు. చెరువు కాకతీయుల నాటిది. తైబందీ, జమాబందీ లాంటి పాత దఫ్తరు మాట. కుర్చీలో కూర్చున్న అధికారి మన రాజ్యాంగం కింద ఉద్యోగం చేస్తున్నవాడు. నవలాకారుడికి ఇంతకంటే ఏం కావాలి?

కడప జిల్లా పోరుమామిళ్ల శాసనం గురించి నీకు తప్పక చెప్పాలి. 1369లో విజయనగర రాజు బుక్కరాయల కొడుకు భాస్కరుడు అక్కడ చెరువు కట్టించి, సంస్కృతంలో శాసనం వేయించాడు. రోజుకు వెయ్యి మంది కూలీలు, వంద బండ్లు, రెండేళ్ల పని అని అందులో ఉంది. మంచి చెరువుకు పన్నెండు అంగాలు కావాలంటుంది ఆ శాసనం. మొదటిది ధర్మం తెలిసిన రాజు. తర్వాత నీటి శాస్త్రం తెలిసినవాడు, గట్టి నేల, తియ్యటి నీళ్ల ఏరు, కట్టకు ఆనుకునే కొండ, పొడవాటి రాళ్లు దొరికే గని... ఇట్లా సాగి, పన్నెండోది కట్టడంలో ఆరితేరిన పనివాళ్ల గుంపు. దాని తర్వాత ఆరు దోషాలు చెప్తుంది. కట్ట నుంచి నీళ్లు ఊరడం, చవుడు నేల, చెరువు నడుమ తాబేటి వీపులా మెట్ట ఉండటం, నీళ్లు తక్కువై తడపాల్సిన భూమి ఎక్కువ కావడం, నీళ్లు ఎక్కువై భూమి తక్కువ కావడం. ఇంకొకటి, రెండు రాజ్యాల సరిహద్దులో చెరువు ఉండటం.

ఆ సరిహద్దు మాట దగ్గర నేను చాలాసేపు ఆగిపోయాను. మట్టి, రాయి, నీటి గురించి చెప్పుకుంటూ వస్తున్న మనిషి హఠాత్తుగా రాజకీయం మాట్లాడాడు. ఇద్దరు ఏలికల మధ్య పడిన చెరువును ఎవరూ బాగుచేయరని, గొడవొస్తే ముందు తెగేది ఆ కట్టేనని అతనికి తెలిసినట్టుంది. చవుడు నేల ఎంత దోషమో, ఎవరిదో తేలని బాధ్యత కూడా అంతే దోషమని ఒకే వరసలో పెట్టాడు. నీ ముగ్గురు మేధావులు నలభై పేజీల్లో పట్టుకోలేనిది ఒక్క పాదంలో ఉంది. అయితే ఆ శాసనంలో రాజుకు పేరుంది, వంశం ఉంది. వెయ్యి మంది కూలీలు లెక్కగానే మిగిలారు. ఆ లెక్కలోంచి ఒక్కణ్ణి బయటికి తీసి, అతనికి ఆకలి, కోపం, భార్య, భాష ఇవ్వడం నీ పని.

ఇంతవరకు చదివి, సరే, సిద్ధాంతాలన్నీ గాలిమాటలు, పాత అలవాట్లే మనల్ని నిలబెట్టాయని రాసేస్తావేమో. వద్దు. ఆ దారిలో పోయిన మంచి రచయితలను చూశాను. పల్లె మీద ప్రేమతో మొదలుపెట్టి, వెట్టిని కూడా అనుబంధం అని రాసే దాకా వెళ్లారు.

మా పెదనాయన దొరల వెట్టికి ఎదురు నిలిచిన ఆంధ్ర మహాసభలో పనిచేశాడు. జనం దాన్ని సంఘం అనేవాళ్లు. 1946 జులై 4న కడవెండిలో సంఘం కార్యకర్త దొడ్డి కొమరయ్య తుపాకి గుండుకు కూలినప్పుడు ఆయనకు ఇరవై ఏళ్లు. పాలకుర్తిలో చాకలి ఐలమ్మ దొరకు ఎదురు నిలిచి తన పంట దక్కించుకున్న కబురు ఊరూరా పాకింది. సంఘం నీకేమిచ్చిందని ఒకసారి ఆయన్ని అడిగాను. పెద్ద పుస్తకాలు చదివిన మనిషే, అయినా పుస్తకం మాట చెప్పలేదు. "సంఘం రాకముందు గడీ ముంగట నుంచి చెప్పులేసుకొని పోయేటోణ్ణి కాదు బిడ్డా. సంఘం వచ్చినంక పోయిన" అన్నాడు. ఆ మాట అంటుంటే డెబ్భై ఏళ్ల మనిషి గొంతు వణికింది.

మా నీరటి బతుకును ఊరు తరతరాలుగా చూస్తూనే ఉంది. కల్లం దగ్గర మేర కొలిచిన చేతులే అతన్ని దూరంగా నిలబెట్టాయి. అది తప్పని ఊరికి దానంతట అదే తోచలేదు. తప్పు అనడానికి ఒక మాట, ఆ మాట వెనక కూడిన జనం, వాళ్ల చేతుల్లో ఒక జెండా కావాల్సి వచ్చాయి. వందల ఏళ్లు నిలిచిన చెరువు కట్ట కింద ఎవరి నడుము వంగి ఉందో రాయకుండా, కట్ట ఎంత గొప్పదో రాస్తే ఆ రాత అబద్ధం.

1951 సంగతి చూడు. ఏప్రిల్ 18న గాంధీ శిష్యుడు వినోబా భావే పోచంపల్లి వచ్చాడు. ఊరి దళితులను ఏం కావాలని అడిగితే, 80 ఎకరాలు అన్నారు. 40 తరి, అంటే నీళ్లు పారే భూమి, 40 ఖుష్కి, అంటే మెట్ట. వెదిరె రామచంద్రారెడ్డి 100 ఎకరాలు ఇస్తానన్నాడు, భూదానం అక్కడ పుట్టింది. అదే ఏడు అక్టోబరులో కమ్యూనిస్టు పార్టీ తెలంగాణ సాయుధ పోరాటాన్ని విరమించింది. 1949లోనే జాగీర్లు రద్దయ్యాయి. ఒకే నేల మీద, ఇంచుమించు ఒకే కాలంలో తుపాకి, దానం, చట్టం మూడూ భూమి గురించే మాట్లాడాయి. నీ నవల ఇక్కడ జరగాలి. అడిగినవాళ్ల మాటను పట్టుకో. సమానత్వం ఇవ్వండి అనలేదు, తరి ఎంత, ఖుష్కి ఎంత అని విడదీసి అడిగారు. చెరువు కింద భూమి లేకపోతే చేతికొచ్చేది బువ్వ కాదని వాళ్లకు తెలుసు. ఒక్క పాత్ర నోట "తరి" అన్న మాట సరిగ్గా పలికించగలిగితే నీ నలభై పేజీల చర్చలో సగం కొట్టేయొచ్చు.

తర్వాత మా ఊళ్లో ఏం జరిగిందో చెప్తాను. దొర కుటుంబం పట్నం చేరింది. నీరటి కొడుకు చదువుకుని బస్సు డిపోలో మెకానిక్ అయ్యాడు. ఆ రోజు ఆ ఇంట్లో ఎంత వెలుగు ఉండి ఉంటుందో నేను ఊహించగలను. చెరువు తూముకు ఇనుప షట్టర్ పెట్టారు. కొన్నేళ్లకు తుప్పు పట్టి బిగుసుకుపోయింది. నిండిన నీళ్లు పొర్లిపోయే మత్తడి ముందు ముళ్లకంప పెరిగింది, నీళ్లు నిలిచే శికం భూమిలో కబ్జాలు లేచాయి. ఒక ఆగస్టు రాత్రి పెద్దవాన పడితే నీళ్లు మత్తడి మీద సాఫీగా పోలేక కట్ట మీదికి ఎక్కాయి. తెల్లారేసరికి గండి. నాట్ల మీద ఇసుక మేట వేసింది, చేపలు బురదలో కొట్టుకుంటున్నాయి. ముళ్లకంప కొట్టించాల్సింది ఎవరని అడిగితే నలుగురు నాలుగు దిక్కులు చూపించారు. వెట్టి పోవడం న్యాయం. కానీ వెట్టితో జరిగిన పని వెట్టి లేకుండా ఎట్లా జరగాలో ఊరంతా కూర్చుని ఒక్కసారైనా మాట్లాడుకోలేదు. ఆ మాట కోసం నేను ఇన్నేళ్లుగా రాస్తున్నాను. నువ్వూ రాయాలని కోరుకుంటున్నాను.

మాట్లాడుకున్న ఊళ్లు లేకపోలేదు. రాబర్ట్ వేడ్ అనే పరిశోధకుడు కర్నూలు జిల్లాలో కాలవ కింది ఊళ్లు తిరిగి చూశాడు. కొన్ని ఊళ్లు తమంతట తామే ఊరుమ్మడి నిధి పెట్టుకున్నాయి. పంట కోశాక పొలాల్లో గొర్రెలు మేపుకునే హక్కును మందల వాళ్లకు అమ్మి, ఆ డబ్బుతో పొలం కాపలాదారులకు, నీరుగంట్లకు, అంటే మా నీరటి లాంటి వాళ్లకు, జీతాలిచ్చాయి. పక్కనే ఉన్న ఇంకొన్ని ఊళ్లలో ఇదేమీ లేదు. తేడా ఏమిటంటే, కాలవ చివరన ఉండి, నీళ్లు అందుతాయో లేదో అన్న భయం ఉన్న ఊళ్లే ఎక్కువగా కూడబలుక్కున్నాయి. కాలవ మొదట్లో ఉన్నవాళ్లకు ఆ అవసరం రాలేదు. అక్కడ నీరుగంటికి దక్కింది జీతం, అది ఊరు మాట్లాడుకుని ఇచ్చింది. నాకు ఆ ఊళ్ల మీద కొండంత ఆశ ఉంది.

1949 నవంబరు 25న అంబేడ్కర్ రాజ్యాంగ సభలో చేసిన చివరి ప్రసంగం మళ్లీ చదువు. రాజ్యాంగం ఎంత మంచిదైనా నడిపేవాళ్లు చెడ్డవాళ్లయితే చెడ్డదవుతుందని, ఓటులో సమానత్వం, బతుకులో అసమానత ఎక్కువ కాలం కలిసి ఉండలేవని ఆయన హెచ్చరించాడు. మూడేళ్లు కష్టపడి కట్టిన ఇంట్లో అడుగుపెట్టకముందే గోడలో పగులు ఎక్కడ వస్తుందో చూపించాడు. నీ కథానాయకుడికి లేనిది ఆ ధైర్యమే. తాను నమ్మినదాంట్లో పగులు ఎక్కడుందో అతను ఒక్కసారి కూడా వెతకలేదు.

రచ్చకట్ట మీది మూడోవాణ్ణి నువ్వు తెలివితక్కువవాడిగా రాశావు. అతనికి నీకు తెలిసిన అత్యుత్తమ వాదన ఇవ్వు. అతని తండ్రి ఉమ్మడి పేరుతో మోసపోయాడేమో, ఊరు బాగు కోసమని గుంజుకున్న ఎకరం మళ్లీ రాలేదేమో కనుక్కో. నీకు నచ్చని మనిషి మాట్లాడుతున్నప్పుడు నీ గుండె ఒక్కసారైనా జంకాలి. గాంధేయుణ్ణి పోచంపల్లిలో నడిపించు, దానమిచ్చిన భూమి కాగితాల వెంట తిప్పు. కమ్యూనిస్టును దళం నుంచి ఇంటికి వచ్చిన మరునాడు చూపించు, అతని భార్య ఏమడిగిందో రాయి. మాటలు వాళ్ల మాటలే కావాలి. నీ ప్రతిలో "నీటి నిర్వహణ" అని పదకొండు చోట్ల ఉంది. ఊళ్లో ఎవరూ అట్లా అనరు. తూము, మత్తడి, శికం, ఆయకట్టు, గండి అంటారు.

నూట డెబ్భై మూడో పేజీలో ఒక చిన్న దృశ్యం రాశావు, బహుశా నీకే గుర్తుండదు. కల్లం దగ్గర ఒక ముసలమ్మ చీర కొంగు పరిచి కూర్చుని ఉంటుంది. రైతు కుంచంతో వడ్లు పోస్తూ మూడో కుంచం దగ్గర చెయ్యి ఆపుతాడు. ఆమె ఏమీ అనదు, కొంగు మాత్రం ముడవదు. నాలుగు వాక్యాలే రాసి మళ్లీ రచ్చకట్టకు పరుగెత్తావు. ఆమె ఎవరు? నీరటి భార్యా? భర్త ఏమయ్యాడు? మూడో కుంచం ఆమెకు న్యాయంగా రావాల్సిందని ఎవరు ఎప్పుడు ఒప్పుకున్నారు? అక్కడ కూర్చో. మిగతా ముగ్గురూ ఆ కల్లం దగ్గరికే వస్తారు.

యాసంగి ముందు మా వైపు తైబందీకి కూర్చుంటారు. రెండు రోజులు వీలు చేసుకుని రా. మా ఇంట్లోనే ఉందువు. మీ వదిన జొన్నరొట్టె చేస్తుంది. ఇద్దరం వెనక వరసలో కూర్చుందాం. మొదటి గంట పుస్తకం తీయకు. చివరి పొలాల రైతులు ఎప్పుడు లేచి నిలబడతారో, ఎవరి వైపు చూసి మాట్లాడతారో చూడు. ఆ తర్వాత కట్ట మీదికి తీసుకెళ్తాను. పాత తూము రాళ్లు ఇంకా ఉన్నాయి. నీళ్లు తగ్గితే కన్నాలు కనిపిస్తాయి.

ఆశీస్సులతో,
మీ అన్న